తండ్రిగారి సంతకం

"సంతకం కలవలేదమ్మా," అన్నాడు కాలేజీ గుమాస్తా, కిటికీ అవతలి నుంచి.

"సంతానం కలగలేదా? ఎవరయ్యా ఆ మాటన్నది? నా మనవరాలు నిక్షేపంలా మీ కాలేజీలోనే చదువుతుంటేను!" అని విరుచుకుపడింది అత్తగారు. ఆవిడకు ఒక చెవి వినపడదు. ఆ చెవినే కిటికీకి ఆనించింది.

వరుసలో నిలబడ్డవాళ్ళు, ఏ వరుసా కాకపోయినా, చుట్టాల్లా నవ్వారు.

కోడలు నవ్వలేదు.

ఆమెకు నలభై మూడేళ్ళు. ఇదే కాలేజీలో రెండో ఏడు చదువుతూ, పెళ్ళి కుదిరిందని మానేసింది. అలా మానేసినవాళ్ళు మళ్ళీ చేరవచ్చని ఈ ఏడు ప్రకటన వచ్చింది. గడువు ఇవాళ అయిదింటి వరకే. ఇప్పుడు నాలుగూ పది. గడువుకీ గొడవకీ మధ్య ఉన్నది యాభై నిమిషాలు.

"పాత దరఖాస్తు మీద సంతకం ఇదీ. ఇప్పుడు మీరు చేసింది ఇదీ. అప్పటి మీరూ ఇప్పటి మీరూ ఒకరేనని ఎలా నమ్మమంటారు?"

"నాకే నమ్మకం కుదరడం లేదండీ."

"ఇంకోసారి పెట్టండి."

పెట్టబోయింది. కలం మొదటి అక్షరం దగ్గరే దారితప్పి ఇంకెటో పోయింది. గబుక్కున కొట్టేసింది.

ఇరవై మూడేళ్ళుగా ఆమె పెట్టనిది లేదు. పొయ్యి మీద గిన్నె పెట్టింది, పిల్ల తలకు నూనె పెట్టింది, మొగుడి కళ్ళజోడు రోజుకు రెండుసార్లు వెతికిపెట్టింది. తన సంతకం ఒక్కటే పెట్టలేదు.

"పోనీ, రూల్లో ఇంకో దారుంది. మీవారొచ్చి 'ఆమే ఈమె' అని సంతకం చేస్తే చాలు. మీ అమ్మాయి ఫైల్లో ఆయన సంతకాలున్నాయి, సరిచూసుకుంటాను."

"ఆయన కాకుండా ఇంకెవరైనా..."

"భలేవారే! ఆయనుండగా ఇంకొకరెందుకూ?" గుమాస్తా మొహం వెలిగింది. "అలాంటి తండ్రిని నా సర్వీసులో చూడలేదమ్మా. మేం ఉత్తరం పంపితే మర్నాటికల్లా జవాబు. ఒక్కసారి చూడాలని మూడేళ్ళుగా అనుకుంటున్నాను."

"మావాడు బంగారం," అంది అత్తగారు. ఈ ముక్క మాత్రం రెండు చెవులా వినపడింది.

కోడలు పళ్ళు బిగబట్టి ఫోన్ చేసింది.

"ఇప్పుడా? కాగితాల గోల నువ్వే చూసుకోవచ్చుగా?" అన్నాడు భర్త.

"ఇది నేను చూసుకునేది కాదండీ."

"ఈ వయసులో చదువేమిటే? ఇంట్లో ఏం తక్కువైంది నీకు?"

"నేనే తక్కువయ్యాను."

"సరే, తగలడతాను," అన్నాడు.

నాలుగూ నలభైకి తగలడ్డాడు, చెమటలు తుడుచుకుంటూ.

గుమాస్తా కుర్చీలోంచి లేచాడు. "మీరేనా సార్! ఆ ఉత్తరం రాసిన మహానుభావులు మీరేనా!"

ఏ ఉత్తరమో భర్తకు తెలియదు. ఏదో తిట్టయితే అడిగేవాడే. పొగడ్త కాబట్టి అడగలేదు. "ఆఁ, ఏదో... మన బాధ్యత," అన్నాడు.

"నిరుడు వీళ్ళమ్మాయి లెక్కలు రావట్లేదు, చదువు మానేస్తానంది. అప్పుడీయన ఏం రాశారో వినండి," అంటూ గుమాస్తా ఫైల్లోంచి కాగితం తీసి వరుసంతటికీ చదివాడు. "'మా ఇంట్లో చదువు సగంలో మానేసిన మనిషి ఒకరున్నారు. ఆ మనిషి రోజూ ఏం పోగొట్టుకుంటోందో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. దయచేసి మా అమ్మాయిని మాననివ్వకండి.' పెళ్ళాం మనసు ఇంతగా తెలిసిన మగవాణ్ణి ఎక్కడైనా చూశారా?"

"పెట్టి పుట్టావమ్మా," అంది వెనకావిడ, కోడలి భుజం తట్టి.

కోడలి చేతిలో దరఖాస్తు నలిగిపోయింది.

భర్త సంతకం చేశాడు. చివర రెండు మెలికలు, కింద ఒక గీత. పెన్నుకీ పెనిమిటికీ సమానంగా గర్వం పొంగింది.

గుమాస్తా ఫైలు తిప్పాడు. ముందుకు తిప్పాడు, వెనక్కు తిప్పాడు.

"సార్... మీదీ కలవలేదు."

"నా సంతకం నాతో కలవకపోవడమేమిటయ్యా! పాతికేళ్ళుగా ఆఫీసులో ఇదే గీకుతున్నాను!"

"మా ఫైల్లో మీ పేరుతో ఇరవై ఆరు సంతకాలున్నాయి. ఒక్కటీ మీది కాదు."

నాలుగూ యాభై అయింది.

"ఏమిటే ఇది?" భర్త పెళ్ళాం వైపు తిరిగాడు.

"కాగితం మీ ముందు పెట్టిన ప్రతిసారీ ఏమన్నారు? 'ఏదో ఒకటి గీసి పడెయ్' అనలేదూ? గీసి పడేశాను. ఇప్పుడు నా చెయ్యి నా పేరు గియ్యమన్నా మీ పేరే గీస్తోంది!"

"మరి ఈ ఉత్తరం, సార్?" అన్నాడు గుమాస్తా మెల్లగా.

"ఏ ఉత్తరం?" అన్నాడు భర్త.

గుమాస్తా పాత దరఖాస్తు వెనక్కి తిప్పాడు. 'ఎందుకు చదవాలనుకుంటున్నారు?' అన్న ప్రశ్న కింద పందొమ్మిదేళ్ళ పిల్ల రాసిన నాలుగు వాక్యాలున్నాయి. పక్కన ఉత్తరం పెట్టాడు. అవే గుండ్రటి అక్షరాలు, ఒక పక్కకు అదే వాలు.

చాలాసేపు చూశాడు. దరఖాస్తు మీద 'చేతిరాత కలిసింది' అని రాసి, ముద్ర వేశాడు.

"ఏమిటండీ ఈ ఆలస్యం? అయిదవుతోంది!" అని వరుసలోంచి ఎవరో కేకేశారు. "ఇంతకీ ఎవరు ఎవరో తేలిందా లేదా?"

గుమాస్తా కిటికీలోంచి తల బయటికి పెట్టి అందరికీ వినపడేలా చెప్పాడు:

"తేలిందండీ. మూడేళ్ళుగా తండ్రిగా సంతకం పెట్టినదీ, ఉత్తరం రాసినదీ, ఆ ఉత్తరంలో చదువు మానేసిన మనిషీ, ముగ్గురూ ఈవిడే. సీటు మాత్రం ఒక్కటే ఇవ్వగలిగాను."