చాసీ చూపులు

"రంగు బాలేదురా," అంది రాఘవమ్మ, చాసీని తేరిపార చూసి.

ఏడుకొండలుకు ఒళ్ళు మండింది. "రంగు మనం వేసుకుంటాం కదమ్మా! అయినా బండి కింద ఉండేదాన్ని కుక్కలు తప్ప ఎవరు చూస్తారు?"

"ఇంకోసారి వద్దాంలే," అని ఆమె కొంగు సర్దుకుంది.

గుడివాడలో శ్యాంబాబు నడిపే పాత బళ్ళ యార్డుకు తల్లీకొడుకులు అప్పటికి చాలాసార్లు వచ్చారు. కోడూరు నుంచి బస్సులు మారి రావడం, రాఘవమ్మ చాసీల చుట్టూ ప్రదక్షిణాలు చేయడం, పెదవి విరవడం, మళ్ళీ బస్సెక్కడం. ఇదే తంతు.

ఏడుకొండలు తండ్రి బతికున్న రోజుల్లో ముచ్చటపడి కొన్న డబుల్ క్యాబిన్ ట్రక్కు ఒకటి ఇంటి ముందు మూలుగుతోంది. ముందు రెండు వరసల సీట్లు, వెనక తొట్టి. చేపలమ్మే ఆడవాళ్ళు సీట్లలో, చేపలు తొట్టిలో. తాగుబోతు మొగుడిలా పెట్రోలు తాగేస్తోందని ఏడుకొండలు దానికి డీజిల్ ఇంజను పెట్టించాలనుకున్నాడు. తీరా క్యాబిన్ ఎత్తి చూస్తే కింద చాసీని ఉప్పుగాలి తినేసింది. డీజిల్ ఇంజను బరువు దీని మీద పడితే ఇంజను అవనిగడ్డలో, సీట్లు కోడూరులో ఉంటాయని మెకానిక్ తేల్చేశాడు.

వేట నిషేధం ముగిసి బోట్లు సముద్రంలోకి వెళ్ళేలోపు బండి సిద్ధం కావాలి. లేకపోతే బందరు హార్బరు నుంచి చేపలు తోలే పని ఇంకొకడు తన్నుకుపోతాడు. ఆ ఇంకొకడు అప్పుడే తన బండికి పూలదండ వేసి ఊరంతా తిప్పుతున్నాడు.

మొదటిసారి వచ్చినప్పుడు శ్యాంబాబే ఒక చాసీ చూపించి, "ఇది మాత్రం తీసుకోకండి రాఘవమ్మ గారూ. లోపల అతుకుంది, పైకి తెలీదు," అన్నాడు. అమ్మేవాడి నోట అలాంటి మాట ఆమె ఎన్నడూ వినలేదు. తనైతే నిన్నటి చేపను ఇవాళ్టిదని ఒట్టేసి మరీ అమ్మిన మనిషి. నోరు తెరుచుకుని చూస్తుండిపోయింది.

రెండోసారి చూసిన చాసీ మరీ పొడుగు. కాలవగట్టు మీద మలుపు తిప్పాలంటే ముందు చక్రాలు నీళ్ళలోకి దిగాల్సిందే. తర్వాతది పొట్టి. దాని మీద క్యాబిన్ కూర్చోబెడితే వెనక ఒక్క చేపలబుట్టకైనా చోటు ఉండదు. అక్కడిదాకా న్యాయమే. కానీ ఇవాళ్టిది అన్నివిధాలా సరిపోయింది. ఏడుకొండలు మూల నుంచి మూలకు తాడు లాగి చూశాడు. ఎక్కడా వంకర లేదు. సుత్తితో కొడితే ఖంగుమంది. దానికి రంగు బాలేదట!

బస్సు పామర్రు దాటాక రాఘవమ్మ కిటికీలోంచి చూస్తూ అంది. "తల్లిలేని పిల్లని ఎంత పద్ధతిగా పెంచుకున్నాడ్రా శ్యాంబాబు!"

అప్పుడు వెలిగింది ఏడుకొండలుకు.

శ్రీదుర్గ. శ్యాంబాబు కూతురు. వెళ్ళిన ప్రతిసారీ టీ ఇచ్చేది ఆమే. ఆమె నవ్వితే ఏడుకొండలుకు డీజిలుకీ పెట్రోలుకీ తేడా తెలిసేది కాదు. పెళ్ళిమాట ఎత్తకుండా ఏదో పని పెట్టుకుని వెళ్ళి, ముందుగా మనుషుల్ని చూసి రావడం వాళ్ళవైపు పెద్దవాళ్ళకు అలవాటే. గేదెను చూడ్డానికని వెళ్ళి పిల్లను ఖాయం చేసుకొచ్చిన ఘనులున్నారు. తల్లి చాసీని సాకుగా పెట్టుకుంది, అంతే తేడా.

ఆ తర్వాత చాసీల్లో వంకలు వెతికే పని ఏడుకొండలే తీసుకున్నాడు. బోట్లు బయల్దేరే రోజు దగ్గరపడుతోందని మెకానిక్ మొత్తుకున్నా వినలేదు. బండి పోతే ఇంకో బతుకుతెరువు చూసుకోవచ్చు, శ్రీదుర్గ లేకుండా మాత్రం బతకడం కష్టమనిపించింది. అతనికి ఆ పిల్లంటే నిజంగానే ప్రాణం.

చివరికి ఓ మంచిరోజు చూసి రాఘవమ్మ పట్టుచీర కట్టింది. ఏడుకొండలు కొత్త చొక్కాకు రెండుసార్లు ఇస్త్రీ చేశాడు. యార్డులో దిగగానే ఆమె, రంగు బాలేదన్న చాసీయే తీసుకుంటామని చెప్పేసింది.

"ఇంకో ముఖ్యమైన మాట కూడా ఉందండీ," అంటూ శ్యాంబాబుతో ఆఫీసు గదిలోకి వెళ్ళింది.

బయట ఏడుకొండలు, శ్రీదుర్గ మిగిలారు. ఆమె చేతిలో బందరు లడ్డూల ప్లేటు.

"లోపల ఏం మాట్లాడుకుంటున్నారో మీకు తెలుసాండీ?" అన్నాడు అతను, కాలితో ఒక నట్టును అటూ ఇటూ దొర్లిస్తూ.

"తెలుసు. ఎప్పుడెప్పుడా అని ఎదురుచూస్తున్నాను."

"అంటే... మీకు ఇష్టమేనన్నమాట!"

"చాలా. మీకు?"

"నాకు మొదటి రోజు నుంచే ఇష్టమండీ."

"హమ్మయ్య! మీరు ఏమంటారోనని మీ అమ్మగారు ఒకటే భయపడ్డారు."

"నేనా? నేనేమంటాను? ఈ ముహూర్తానికే కానివ్వమంటాను!"

గది తలుపు తెరుచుకుంది. లోపల్నుంచి రాఘవమ్మ అవునన్నట్టు తలూపింది. శ్రీదుర్గ ఎగిరి గంతేసి, లడ్డూ తీసి ఏడుకొండలు నోటికి అందించింది.

"నోరు తీపి చేసుకో అన్నయ్యా, మొత్తానికి మా నాన్నని చేసుకోవడానికి మీ అమ్మ ఒప్పుకుంది!"