గడ్డకట్టిన గ్రౌండు

రెఫరీ ఐలీన్ ఫుట్‌బాల్‌ను నేలమీద వదిలింది. రాతి మీద పడ్డట్టు ఎగిరిందది.

"రాత్రి గ్రౌండుకు నీళ్లు పట్టావు కదరా! గడ్డకడితే మ్యాచ్ వాయిదా పడుతుందనేగా?" అంటూ స్ట్రూవన్ ఎదుటి కెప్టెన్ మీదికి వెళ్లాడు.

"జనవరిలో స్కాట్లాండ్ గడ్డకట్టడానికి నేను నీళ్లు పట్టాలా?" డూగల్ గుర్రుమన్నాడు. "దమ్ముంటే ఆడు!"

"ఆడదామనే గంట ప్రయాణం చేసొచ్చా. నీ గోల్‌కీపరేడీ?"

"వస్తున్నాడు. నీ వాళ్లేరి?"

"చలికి వ్యాన్‌లో కూర్చున్నారు."

"ఇద్దరికీ ఇంత ఉబలాటంగా ఉంటే ఆడించేస్తా," అంది ఐలీన్. "జట్టును దింపలేనివాళ్లు ఓడినట్టే. పిలవండి మీవాళ్లని."

ఇద్దరూ కదల్లేదు.

ఆమె వెళ్లి స్ట్రూవన్ వ్యాన్ తలుపు లాగింది. ముగ్గురంటే ముగ్గురే ముడుచుకుని కూర్చున్నారు. డూగల్ జట్టు బట్టలు మార్చుకునే గది తలుపు తోసింది. లోపల ఒక్కడూ లేడు. చొక్కాలన్నీ కొక్కేలకే వేలాడుతున్నాయి.

"ఆ గోల్ దగ్గర మరీ జారుతోంది మేడమ్," డూగల్ నసిగాడు.

"కాళ్లు విరుగుతాయి మేడమ్," స్ట్రూవన్ వెంటనే అందుకున్నాడు.

ఐలీన్ ఇద్దరినీ ఎగాదిగా చూసి, "వాయిదా" అని కారెక్కింది.

కారు మలుపు తిరిగాక స్ట్రూవన్ పళ్లు కొరికాడు. "నిజం చెప్పు. నీళ్లు పట్టావా, లేదా?"

"పట్టాను. నాకు దండం పెట్టుకుని పో!"