అసలు మోత

"ఆపప్పా, ఆపు! అదేం రాకెట్టు? మా క్వారీలో పేల్చే తూటా అది!"

వెనక బెంచీ మీంచి లేచిన ఆ కేకకు ధనుంజయ చెయ్యి టేప్‌రికార్డర్ మీదే ఆగిపోయింది. రిహార్సల్ కోసం స్టేజీ మీద కర్ర తుపాకులతో బోర్లా పడుకున్న సైనికులు ఫక్కున నవ్వారు. నాటకం వేయిస్తున్న బట్టల అంగడి రాఘవేంద్రప్రసాద్ కూడా నవ్వాపుకోలేక మొహం పక్కకు తిప్పుకున్నాడు. ధనుంజయకు ఒళ్లు మండిపోయింది.

నిజానికి అది క్వారీ తూటాయే. మధ్యాహ్నం సున్నపురాయి పేల్చే వేళకు మిట్టెండలో నిలబడి మరీ ఆ మోతను రికార్డు చేసుకొచ్చాడు. ఎర్రగుంట్ల వాళ్లంతా ఆ చప్పుడు రోజూ వినేదేనన్న సంగతి, మొన్న మొన్ననే ప్రొద్దుటూరు నుంచి వచ్చి ఇక్కడ క్యాసెట్ల అంగడి పెట్టిన మనిషికి తట్టలేదు.

"దేశం కోసం పోయినోళ్ల నాటకమప్పా ఇది. పంద్రాగస్టు నాడు ఊరోళ్లు పండ్లికిలించాల్నా?" అంటూ ఆ కేక వేసిన క్వారీ కూలీ తిమ్మయ్య దగ్గరికొచ్చాడు. క్వారీ దుమ్ము ఇంకా తలమీదే ఉంది.

ఇంకెవరైనా అయితే ధనుంజయ గట్టిగానే తగులుకునేవాడు. కానీ తిమ్మయ్య ఒక్కగానొక్క కొడుకు హర్షవర్ధన్ రెండేళ్ల కిందట కార్గిల్‌లో పోయాడు. ఈ నాటకం వేస్తున్నదే ఆ పిల్లవాడి పేరు మీద.

"మరి అసలు మోత యాడ దొరుకుతుంది పెద్దాయనా? యుద్ధం కాడికి పోయి పట్టకరావాల్నా నేను?"

"పోబల్లే. నా కాడ ఉండాది."

మర్నాడు పొద్దున్నే తువ్వాలులో చుట్టి ఒక క్యాసెట్ తెచ్చాడు. "మా వాని సంవత్సరీకానికి వాని దోస్తు, పంజాబాయన, వచ్చినాడు. ఆయన ఇచ్చినాడు. రాకెట్లు ఇడిసేటప్పుడు ఆడనే ఉండి పట్టినాడంట. రోజూ ఇది ఇన్యాకనే నేను పనికి పోయేది."

"రోజూనా? ఈ మోతనా?"

"ఇంట్లో ఆడోళ్లు తిడతానే ఉంటారులే. నాటకంలో మాత్రం ఇదే పెట్టాల. మొదట్నుంచీ పెట్టు. ఇంటే నీకే తెలుస్తుంది."

రాళ్లు కొట్టే మనిషి తనకు శబ్దం నేర్పుతాడా అని ధనుంజయ లోపల్లోపలే రుసరుసలాడాడు. రాఘవేంద్రప్రసాద్ కూడా అదే పెట్టాలన్నాడు కాబట్టి సరిపోయింది గానీ, లేకుంటే ఆ క్యాసెట్‌ను ముట్టుకునేవాడే కాదు.

అంగడి తలుపు మూసి విన్నాడు. మొదట గాలి హోరు. తర్వాత ఎవడో హిందీలో గొంతు చించుకుని అరిచాడు. ఆ వెంటనే బట్టల అంగట్లో తానులకు తానులు గుడ్డను పర్రుమని చించినట్టు ఒకదాని వెనక ఒకటి రాకెట్లు లేచాయి. ఊపిరి తిప్పుకునే సందు లేదు. చాలాసేపటికి ఎక్కడో దూరంగా కొండలు దబదబలాడాయి. ధనుంజయ చేతిమీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. ముసలాయన అబద్ధం చెప్పలేదని ఒప్పుకోక తప్పలేదు.

కానీ అంత గొప్ప మోతను ఆ హిందీవాడు పాడుచేస్తున్నాడు. ప్రతిసారీ రాకెట్లు లేచే ముందు వాడి అరుపే. ఒకసారైతే దగ్గు కూడా. తెలుగు నాటకంలో వీడి గోల ఎవరికి కావాలి? ధనుంజయ పట్టుదలగా కూర్చుని వాడు నోరు తెరిచిన చోటల్లా వదిలేసి, ఉత్త మోతల్నే ఏరి వేరే క్యాసెట్‌లో అతికించాడు. పాటలు ఎక్కించడానికి ఎవరు క్యాసెట్ తెచ్చినా దాంట్లోనే ఎక్కించి వాళ్లది వాళ్లకే ఇవ్వడం అంగడి అలవాటు. అలాగే తిమ్మయ్య క్యాసెట్‌లోనే ఆ మోతల్ని శుభ్రంగా తిరిగి ఎక్కించాడు.

పంద్రాగస్టు సాయంత్రం ఆ మోత మొదలవగానే ముందు వరస జనం ఉలిక్కిపడి వెనక్కి జరిగారు. పిల్లలు తల్లుల కొంగుల్లో దూరారు. అయిపోయాక చప్పట్లు ఆగలేదు. రాఘవేంద్రప్రసాద్ సైనికుడి వేషంతోనే వచ్చి ధనుంజయను కౌగిలించుకున్నాడు.

ఆ సంబరంలో తిమ్మయ్య వచ్చి నిలబడ్డాడు.

"మొదట్నుంచీ పెట్టలేదేమప్పా?"

"మొదట్నుంచే పెట్టినా పెద్దాయనా."

"ల్యా. ఇది కాదు."

ధనుంజయకు ఇన్నాళ్లూ బిగబట్టుకున్న కోపమంతా తన్నుకొచ్చింది. "మొన్న అందరి ముందర నా పరువు తీస్తివి, పెద్దోనివని ఊరుకుంటి. ఈపొద్దు ఊరు ఊరంతా చప్పట్లు కొట్టినా నీకు బాగలేదా? నీ క్యాసెట్ కోసం తిండీ నిద్రా మానుకుంటి కదా! ఒక్క మంచి మాట రాదా నీ నోట?"

తిమ్మయ్య చుట్టూ చూశాడు. ఆ చూపులో కోపం లేకపోవడం ధనుంజయను ఇంకా మండించింది.

"మధ్యలో అరుస్తాంటాడు సూడు, వాడు యాడ పోయినాడప్పా?"

"వాణ్ని తీసేసినా. రాకెట్ల మోతకు అడ్డం పడతాండాడు."

"సరేలే. నా పాత క్యాసెట్ నాకియ్యి."

"ఇదే నీ క్యాసెట్. దీంట్లోనే మళ్లీ ఎక్కించినా," అంటూ ధనుంజయ టేప్‌రికార్డర్‌లోంచి తీసి చేతిలో పెట్టాడు.

"ముందరిది?"

"ముందరిది యాడుంటుంది పెద్దాయనా? దానిమీదనే కదా ఇది ఎక్కించింది!"

తిమ్మయ్య పందిరి గుంజ పట్టుకుని మెల్లగా నేలమీద కూర్చున్నాడు. క్యాసెట్‌ను తువ్వాలులో పెట్టబోయి, చుట్టకుండానే ఒళ్లో ఉంచుకున్నాడు.

"ఎవడో ముక్కూ మొగం తెలీని హిందీవాని కోసం ఇంత రాద్ధాంతమా?" అన్నాడు ధనుంజయ.

"వాడు మా హర్షప్పా."