చీకటిగట్టు మీద ముగ్గురు

“ఆ పాచిక జర ఇటియ్యండి,” అన్నాడు దశరథ్.

శ్రీవాణి ఇచ్చింది. ఇరవై ముఖాల పాచిక. దశరథ్ దాన్ని కిటికీ వెలుగులో తిప్పి చూసి, బండల మీద నాలుగుసార్లు వేశాడు. పదకొండు, రెండు, పందొమ్మిది, ఏడు. మోసమేమీ కనపడలేదు.

“అనుమానమా?” అంది శ్రీవాణి.

“అనుమానం గాదు. అలవాటు.”

దేవరకొండ సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్‌గా చేరి అతనికి మూడు నెలలు. ఊళ్ళో దోస్తులు లేరు. రెండు రోజుల కింద ఫోనుకు తెలియని నంబరు నుంచి మెసేజ్ వచ్చింది. దీపాలు పట్టుకుని చీకటి కొండ ఎక్కే దళం కథతో వచ్చిన జపాన్ బొమ్మల సీరియల్, యానిమే, ఒకటి అతనికి ప్రాణం. దాన్ని తాము ఆటగా మార్చామనీ, ఆదివారం మధ్యాహ్నం రమ్మనీ ఆ మెసేజ్‌లో ఉంది.

“నా నంబరు ఎవరిచ్చిన్రు?” వచ్చీరాగానే అడిగాడు.

“తెలిసినోళ్ళే,” అంది శ్రీవాణి. ఆమె హైస్కూల్లో లెక్కల టీచరు.

ఆ జవాబు దశరథ్‌కు నచ్చలేదు. మూడేళ్ళ కింద నల్లగొండలో ఇట్లాగే ఎవరో ప్రేమగా పిలిస్తే ఒక మీటింగుకు పోయాడు. రెండు గంటల ముచ్చట్ల తర్వాత బలం పొడి డబ్బాలు బయటికి తీశారు. అవి అమ్మితే బతుకు మారుతుందన్నారు. నమ్మి దోస్తులందరికీ అంటగట్టబోయాడు. బతుకేమీ మారలేదు గానీ అతని ఫోను ఎత్తేవాళ్ళు కరువయ్యారు.

ఇక్కడా వాసన అదే. శ్రీవాణి అన్న తిరుమలకు ఏ పాచిక ఎప్పుడు వేయాలో తెలియదు. వదిన భాగ్యశ్రీ ఆ యానిమే ఒక్క భాగం కూడా చూడలేదట. మంచం మీద వాళ్ళ అవ్వ మారెమ్మ చింతపండు గింజలు తీస్తూ, చేతుల కంటే ఎక్కువ దశరథ్‌నే చూస్తోంది. మంచం కింద గుడ్డ కప్పిన గంపొకటి ఉంది.

‘డబ్బాలు అందులనే ఉంటయి,’ అనుకున్నాడు.

ఆట మొదలైంది. శ్రీవాణి కథ చెబుతుంది. దశరథ్, తిరుమల, భాగ్యశ్రీ తమ పాత్రలు ఏం చేస్తాయో చెప్పాలి. అది జరుగుతుందో లేదో పాచిక తేలుస్తుంది. జపాన్ కొండను ఆమె చీకటిగట్టు చేసింది. మంచు బదులు తుమ్మముళ్ళు, గుండ్రాళ్ళు పెట్టింది.

“దీపంల నూనె అయిపోవస్తున్నది. ఆ నూనె బుడ్డి వదిన చేతిల నుంచి జారిపోయింది,” అంది శ్రీవాణి.

“గంతమాత్రం సూసుకోవద్దా!” దశరథ్ గొంతు లేచింది.

మారెమ్మ చేతులు ఆగిపోయాయి.

“తప్పయింది వదినా,” అన్నాడు దశరథ్. “ఆటల పడి అరిసిన.”

మారెమ్మ మళ్ళీ గింజ తీసింది.

కష్టాలన్నీ తన పాత్రకే రావడం దశరథ్ గమనించాడు. ఆకలితో గుహ చేరితే ముగ్గురికీ కలిపి ఒక్క రొట్టె దొరికింది. అదీ అతని చేతికే.

“మూడు ముక్కలు చేస్త,” అన్నాడు.

“రేపు పొద్దుగాల ఎవరు వండుతరు?” మంచం మీంచి అడిగింది మారెమ్మ.

“ఈ ఆటల అదిగూడ ఉన్నదా అవ్వా?”

“గుహల ఉన్నా కడుపు కడుపే గద బిడ్డా.”

“ముందుగాల లేసినోళ్ళు వండాలె. నేనైతే పప్పు మంచిగనే చేస్త.”

శ్రీవాణి నోట్‌బుక్కులో ఏదో రాసుకుంది. దశరథ్ మెడ చాచాడు. ఆమె పేజీ తిప్పేసింది. అతని అనుమానం ఇంకాస్త ముదిరింది.

చివరి ఘట్టం వచ్చింది. వెనక దయ్యాల గుంపు. తిరుమల పాత్రకు కాలు విరిగింది. తాడు వంతెన తెగిపోయేలా ఉంది.

“వదిన అవతలికి దాటింది. నువ్వొక్కనివి పోతే దాటుతవ్. అన్నను మోసుకపోతే పాచికల పదిహేనుకు మించి పడాలె. పడకుంటే ఇద్దరూ పోతరు,” అంది శ్రీవాణి.

“ఇడిసి పో తమ్మీ,” అన్నాడు తిరుమల. “ఉత్త ఆటనే గద.”

దశరథ్ పాచికను గుప్పిట్లోకి తీసుకున్నాడు.

“ఒకసారి నా లాభం సూసుకొని దోస్తులను పోగొట్టుకున్న,” అన్నాడు మెల్లగా. “ఆటల గూడ మల్ల ఆ పని చెయ్య. మోస్త.”

వేశాడు. నాలుగు పడింది.

వంతెన తెగింది. ఇద్దరూ లోయలో పడిపోయారు. ఓడిపోయినా దశరథ్‌కు ఎందుకో మనసు తేలికైంది. మూడేళ్ళుగా ఎవరితోనూ అనని మాట అది.

అప్పుడు మారెమ్మ గంప ముందుకు లాగింది. దశరథ్ లేచి నిలబడ్డాడు.

“సూడున్రి, నేను ఏ పొడీ కొన. ఎవరినీ చేర్పియ్య. ముందే చెప్తున్న.”

మారెమ్మ గుడ్డ తీసింది. గంప నిండా గరిజెలు.

తిరుమల పడీపడీ నవ్వాడు. దశరథ్ సిగ్గుపడి ఒకటి తీసుకుని కొరికాడు. తియ్యగా, కరకరలాడుతూ ఉంది. అయినా నమ్మకం కుదరలేదు. గడప దగ్గర చెప్పులు తొడుక్కుంటూ వెనక్కి తిరిగాడు.

“అమ్మేదేం లేదంటరు. మీల ఇద్దరికి ఆటనే రాదు. మరి నన్నెందుకు పిలిసిన్రు?”

శ్రీవాణి తల వంచుకుని కాగితాలు సర్దుతోంది. మారెమ్మ ఆమె వైపు చూసింది. శ్రీవాణి తలెత్తకుండానే అవునన్నట్టు ఊపింది.

మారెమ్మ గరిజెల పొట్లం దశరథ్ చేతిలో పెట్టింది.

“నీ నంబరిచ్చిన మీ అమ్మకు చెప్పు బిడ్డా, పిలగాడు మా పిల్లకు నచ్చిండని.”