గొర్రెకొమ్ము పిడి

సార్దీనియా కొండల్లోని పట్టాదా ఊళ్లో చీకటి పడింది. కత్తులు చేసే బాయింజు, గొర్రెకొమ్ము పిడి వేసిన కొత్త మడతకత్తిని నూనెగుడ్డతో తుడుస్తున్నాడు. ఇంతలో ఎప్పుడూ చూడని కాపరి ఒకడు తలుపు తోసుకుని వచ్చాడు.

"పదునుందా మామా?" అంటూ కత్తి తెరిచి బొటనవేలి మీద నొక్కాడు.

"ఒరేయ్, వేలు తెగుద్ది!"

అంచు ఎముక దాకా దిగింది. నెత్తురు చుక్క రాలేదు. కాపరి నవ్వాడు.

పై గదిలోంచి భార్య గవీనా కేకేసింది. "ఎవరితోనయ్యా ముచ్చట్లు? సూపు చల్లారిపోతోంది. ఉండు, నేనే వస్తున్నా."

రావద్దని అరవబోయాడు బాయింజు.

అప్పటికే చెక్కమెట్ల మీద ఆమె అడుగులు వినిపించాయి. కాపరి దీపం ఊదేశాడు. సగం మెట్ల దగ్గర అడుగుల చప్పుడు ఆగిపోయింది.

"గవీనా?" అన్నాడు బాయింజు.

"ఇక్కడే ఉన్నానయ్యా," అంది గవీనా గొంతు, కాపరి నిలబడ్డ చోటి నుంచి.