మైకు పందెం

“గుడి పాట మధ్యలో చర్చి హారన్ కూసిందో, కర్రలు లేస్తాయిరా అబ్బులూ!” గుడివైపు పెద్ద పల్లంరాజు వంతెన మీద నిలబడి హెచ్చరించాడు. వెనక ఇరవైమంది ఉన్నారు.

“ఆయ్, కూయదండి. రెండు హారన్లకీ వైర్లు నా షాపులోంచేనండి. ఒకటి ఆపాకే రెండోదండి,” అన్నాడు వంతెన పక్కనున్న తన షాపులోంచి మైక్‌సెట్ అబ్బులు. ధనుర్మాసపు చలిలోనూ వాడికి చెమటలు పడుతున్నాయి.

కాలవకి ఇటు గుడి, అటు చర్చి. ధనుర్మాసం, క్రిస్మస్ కలిసే వస్తాయి. తెల్లారగట్ల గుడి మైకు ఒక గీత పెంచితే చర్చి మైకు రెండు గీతలు పెంచేది. దేవుళ్ళకి చెవుడొచ్చినట్టే ఉండేది వరస. నిరుడు ఎవరో వైరు కోశారు. గుడివైపు కుర్రాడు గణేష్‌బాబు తల పగిలింది. చర్చివైపు పేటవాళ్ళని వరికోతలకి పిలవలేదు. ఈసారి ప్రాణాలే పోతాయని అందరూ భయపడ్డారు, తగ్గడానికి మాత్రం ఎవరూ ఒప్పుకోలేదు.

అప్పుడు పూజారి సూర్యనారాయణమూర్తి కూతురు కౌముది, చర్చి సంఘపెద్ద ముసలయ్య కూతురు సత్యకుమారి ఒక పందెం పెట్టారు. ఇద్దరూ ఒకే బస్సులో కాలేజీకి వెళ్ళే పిల్లలు.

“మా ఇద్దరిలో ఎవరు బాగా పాడతారో మీరే చెప్పండి. రెండూ పూర్తిగా వింటేనే కదండీ తేలేది!”

గోదావరి జిల్లాలో పందెమంటే కాదనేదెవరు? ఊరంతా ఒప్పుకుంది. ఇద్దరూ అబ్బులు షాపులో పాడి కేసెట్లు చేయించారు.

గుడి హారన్‌లో మేలుకొలుపు మొదలైంది. వంతెన అవతల ముసలయ్య మనుషులు గుంపుగా నిలబడ్డారు. ఎవరి చేతిలో ఏముందో చీకట్లో తెలియడం లేదు. షాపు ముందు అమ్మాయిలిద్దరూ ఒకరి చెయ్యి ఒకరు గట్టిగా పట్టుకున్నారు. పాట అయ్యేదాకా అటునుంచి దగ్గు కూడా వినపడలేదు.

“అదీ మన కౌముది అంటే!” పల్లంరాజు మీసం దువ్వాడు.

అబ్బులు కేసెట్ మార్చాడు. చర్చి హారన్‌లో క్రిస్మస్ పాట వచ్చింది. పల్లంరాజు కర్ర బిగించాడు. రెండో చరణానికి కర్ర దించాడు. గుళ్ళో ఉండాల్సిన పూజారి, గంట చేత్తో పట్టుకునే వంతెన దాకా వచ్చేశాడు. కళ్ళు మూసుకుని విన్నాడు.

పాట అయిపోయింది.

“బానే పాడింది గానీ, మన పిల్లకున్న భక్తి ఎక్కణ్ణుంచొస్తుంది?” అన్నాడు పల్లంరాజు.

“మా సత్య ముందు ఎవరైనా బలాదూరేనండి, రాజుగారూ!” అవతలి నుంచి ముసలయ్య అరిచాడు.

“అయితే రేపు మళ్ళీ పెట్టించు, తేల్చుకుందాం!”

“ఎల్లుండీ పెడదామండి!”

ఎవరో నవ్వారు. చూస్తే, నిరుడు తల పగిలిన గణేష్‌బాబే. గుంపులు విడిపోయాయి. పల్లంరాజు కర్ర షాపు దగ్గరే మరిచిపోయి వెళ్ళాడు.

సూర్యనారాయణమూర్తి మాత్రం కూతురి వైపు చాలాసేపు చూశాడు. “చర్చి పాట బావుందమ్మా,” అని మెల్లగా గుడి వైపు నడిచాడు. కౌముది కళ్ళు తుడుచుకుంది. పక్కకి తిరిగింది.

“సత్యా, ఇవాళ్టిలాగే రేపూ నువ్వు పాడే మేలుకొలుపు వచ్చేసిందా?”