హనుమాయమ్మ కొసరు

ఇప్పుడు ప్రతి గేదె పాలలోనూ దానికే సొంతమైన ఒక బుల్లి గుర్తు పుట్టుకతోనే ఉంటుంది. డెయిరీకి ఇంటింటా పాలు పోయించుకునేవాణ్ని నేను; ఆ ఇంటి గేదెకని ఇచ్చిన నా సీసాలోని యాంటీబాడీలు ఆ గుర్తును పట్టుకుంటే పాలచుక్క నీలంగా మారుతుంది. పరాయి గేదె పాలు కలిస్తే ఎర్రజీర తేలుతుంది. రెండుసార్లు ఎరుపు తేలినవాళ్ల దగ్గర డెయిరీ ఇక పాలు కొనదు.

హనుమాయమ్మ క్యానులో నిరుడు ఒకసారి తేలింది. ఈ ఉదయం మళ్లీ తేలింది.

"ఎవరి పాలు కలిపావమ్మా?"

"కలపడమేంది అంకయ్యా? కొలిచి పోశాక కొసరు పొయ్యొద్దా? నా గేదెవి అయిపోతే తోడికోడలి చెంబులోయి పోశా. కొసరు లేకుండా పంపితే నాకు అచ్చొచ్చిద్దా?"

ఇరవై ఏళ్లుగా ఒక్క పూట నాగా లేని ఇల్లు అది. అలాంటి ఇంటిని చెంబెడు మర్యాద కోసం పోగొట్టుకోవడం వ్యాపారం కాదు. నేను ఫలితం డెయిరీకి పంపేదాకా అవి డెయిరీ పాలు కావు.

"ఈ పూటవి మా ఇంటికి తీసుకెళ్లి తోడు పెట్టిస్తాలే" అన్నాను.

"అయితే రేపట్నించి కొసరు మానుకోవాలా?" ఆమె ముఖం చిన్నబోయింది.

మర్నాటి నుంచి నా సంచిలో ఒక గ్లాసు చేరింది. హనుమాయమ్మ కొలత క్యానులో పోస్తుంది, కొసరు గ్లాసులో పోస్తుంది. పచ్చిపాలు నాకు పడవు. అయినా ఆమె ఎదుటే తాగి, ఆ తర్వాతే సీసా మూత తీస్తాను.